తన్నుల పుస్తకం

మా సినిమా యూనిట్‌లో చీరలు ఇస్త్రీ చేసే హిమజను మొగుడు రోజూ తంతున్నాడని ఫిల్మ్‌నగర్ అంతా పుకారు. ఆమెకు ఏడో నెల. మేకప్ చేసే సుందరి గారు ఆమె సంచిలోని నోటుబుక్కు దొంగచాటుగా చదివి, కళ్లు తుడుచుకుంటూ ఊరంతా చాటారు.

“పొద్దున పది తన్నులు, సాయంత్రం ఏడు! పాపం, డైరీ రాసుకుంటోందండీ!”

ఇంకొకరి సంచి తెరిచినందుకు మాత్రం ఆవిడకు సిగ్గు వేయలేదు.

మేనేజర్ చలపతిరావు గారు వెంటనే ధర్మం నిలబెట్టారు. యూనిట్ వ్యాను నడిపే హిమజ భర్త తిరుమలేశ్‌ను రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు. హిమజను ఒక్క మాట అడగాలని, కథలు అల్లి బతికే ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు.

సంగతి తెలిసి హిమజే ఇస్త్రీ ఆపి వచ్చింది.

“ఏంది సార్ గిది? మా ఆయన నన్ను ఏనాడూ కొట్టలే. జర నన్నడిగితే మీ నోరు అరుగుతదా?”

“భయపడకమ్మా, నీ చేతిరాతే సాక్ష్యం,” అన్నారాయన, సుందరి గారు తెచ్చిచ్చిన నోటుబుక్కు ఊపుతూ, కోర్టు సీనులో జడ్జిలా.

ఆమె నోటుబుక్కు లాక్కుని మొదటి పేజీ తెరిచింది. అక్కడ డాక్టరమ్మ రాసి ఉంది: కడుపులో బిడ్డ తన్నులు రెండు పూటలా లెక్కపెట్టి రాయాలి.