నిప్పు చూడని ప్లేటు

ఈతకు దిగినవాళ్ళు నీళ్ళలో ఏమేం పోగొట్టుకుంటారో మదనపల్లె చుట్టుపక్కల నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గొప్ప చెప్పుకోవడం కాదు, నా గతి అట్లా ఉంది. ఆదివారం మా ఆసుపత్రిలో ఆపరేషన్లు ఉండవు. ఆ రోజు లోహాన్ని పసిగట్టే మిషన్ భుజాన వేసుకుని కుంటలకూ, చెక్‌డ్యాములకూ, రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతలకూ పోతాను. వేసవికి నీళ్ళు తగ్గి బురద బయటపడ్డ చోట మిషన్ కూత పెడితే, కూర్చుని తవ్వుతాను.

ఉంగరాలు, తాయెత్తులు, మొలతాడు వెండి బిళ్ళలు ఎవరైనా గుర్తుపడతారు. తిప్పలన్నీ మిగతావాటితోనే. వాల్మీకిపురం దగ్గర ఒక కుంటలో మొనదేలి ఉన్న ఇత్తడి బుడిపె దొరికింది. చుట్టూ చేరినవాళ్ళు అది గుడి కలశం ముక్కేనని తేల్చేశారు. ఒకాయన చెప్పులు కూడా విడిచాడు. ఇంతలో ఆవుల్ని తోలుకొచ్చిన ముసలాయన దాన్ని తిప్పి చూసి, "కలశమంట, కలశం! ఎద్దు కొమ్ముకు తొడిగే కుప్పె గదప్పా ఇది. కడిగేటప్పుడు జారిపోయింటాది" అన్నాడు. ఆ రోజు కడుపుబ్బ నవ్వాను. మళ్ళీ అట్లా నవ్విన గుర్తు లేదు.

నేను వెతికేది కుప్పెల కోసం కాదు. మా అన్న కోసం.

అన్న మదనపల్లె టమోటా మార్కెట్‌లో లోడింగ్ పని చేసేవాడు. లారీ మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. మా ఆసుపత్రిలోనే స్టీలు ప్లేటు వేశారు. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లకు సామాన్లు అందించడం నా ఉద్యోగం. ఆ రోజూ నేనే అందించాను. ఎనిమిది రంధ్రాల ప్లేటు. మూడో స్క్రూ దగ్గర నా చేయి తడబడి, ఒక సైజు చిన్న స్క్రూడ్రైవర్ అందించాను. అది జారి స్క్రూ తల అరిగింది, పక్కనే ప్లేటు మీద వంకర గీత పడింది. "కదలదులే, ఉండనీ" అని డాక్టరు ముందుకు పోయాడు. లోపల నా తప్పును మోసుకుంటూ మా అన్న లేచి నడిచాడు.

నడిచాడే గానీ కుంటుతూ. క్రేట్లు ఎత్తలేక, సదుం దగ్గర మా ఊళ్ళో వదినతో ఆవుల్ని చూసుకుంటూ ఉండిపోయాడు. నీళ్ళలోకి దిగితే మాత్రం ఆయనకు కుంటు ఉండేది కాదు. దారిలో గుంత కనబడితే చాలు, చొక్కా విప్పేవాడు.

ఒకసారి ఊరికి పోయినప్పుడు నోరు జారాను. "నీ కాలికి ప్లేటు యేపిచ్చింది ఇంట్లో కూసోబెట్టేదానికి కాదు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఎండకు తిరిగి తిరిగి వచ్చిన విసుగు, అంతే. వదిన కొట్టంలో పాలు పిండుతోంది, వినలేదు. మర్నాడు అన్న కుప్పం పక్క క్వారీలో వాచ్‌మన్ పని ఉందని చెప్పి బస్సెక్కాడు. కుప్పం చేరలేదు.

పోలీసులకు చెప్పాం. బస్టాండ్లలో ఫోటో అంటించాం. ఐదేళ్ళు గడిచాయి. వదిన బొట్టు, మెట్టెలు అట్లాగే ఉన్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే, "మనిషి ఉండాడు, వస్తాడు" అని పనిలో పడుతుంది. అన్న ఫోటో చూపిస్తూ తిరిగి తిరిగి విసిగిపోయాకే నేను ఈ మిషన్ కొన్నాను. ఎందుకు కొన్నానో ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ కింద కుప్పం దగ్గర ఒక చెక్‌డ్యాములో అట్లాంటి ప్లేటే దొరికింది. కడిగి చూస్తే పసుపు, ఊదా, నీలం కలిసిన రంగు. స్టీలు మంటలో బాగా కాలితే ఆ రంగు వస్తుంది. అక్కడ ఈతలు కొట్టే రేవుకు కాస్త పైనే అస్థికలు కలుపుతారు. చితిలో కాలిన ఎవరి ప్లేటో ఎముకలతో పాటు నీళ్ళలోకి వచ్చింది. వదినకు చూపించి ఇదంతా చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుంది. "కాలిందంటే వాళ్ళోళ్ళు ఏడ్సి, కాల్సి, కలిపిందే. మనోడిది కాదు" అంది. అప్పటి నుంచి నేను ఏ ఇనుప ముక్క తెచ్చినా ఆమెది ఒకటే ప్రశ్న, "కాలిందా?"

ఈ ఏడాది ఎండలకు, పుంగనూరు దాటాక కుప్పం దారిలో ఉన్న ఒక క్వారీ గుంతలో నీళ్ళు నేనెప్పుడూ చూడనంత కిందికి పోయాయి. రెండు బండల సందులో మిషన్ కూత పెట్టింది. మోచేతి లోతు తవ్వాను. ప్లేటు. రంధ్రాలు లెక్కపెట్టాను, ఎనిమిది. మూడో దాంట్లో తల అరిగిన స్క్రూ ఇంకా ఇరుక్కునే ఉంది. పక్కన వంకర గీత. బొటనవేలితో ఎంత రుద్దినా ఎక్కడా నీలం లేదు. ఆ రోజు నేను అందించినప్పుడు ఎట్లా ఉండిందో అట్లాగే తెల్లగా ఉంది. మా అన్నకు నిప్పు కూడా దొరకలేదు.

ఇంకొంచెం తవ్వితే ఏం తగులుతుందో నాకు తెలుసు. తవ్వలేదు. బురదను కాలితో తోసి పూడ్చేశాను. గుంతకు అవతలి పక్క జనం కేకలు పెడుతూ నీళ్ళలోకి దూకుతున్నారు. ఈదుతుంటే కాలు పట్టేసిందో, తనే చేతులు వదిలేశాడో ప్లేటు చెప్పదు. నా మాట ఆయనతో పాటు బస్సెక్కిందని మాత్రం నాకు తెలుసు.

పోలీస్ స్టేషన్‌కు పోవాల్సింది. పోలేదు. వదినకు చెప్పాలి. చెబితే ఆమె బొట్టు తీస్తారు, మెట్టెలు తీస్తారు. ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు, "ఎందుకు పోయినాడప్పా, నీకేమన్నా తెలుసునా?" అని నన్ను అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. ఇంటికొచ్చి ప్లేటును పట్టకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద పెట్టాను. మంట పెంచాను. మొదట పసుపు తిరిగింది, తర్వాత ఊదా, చాలాసేపటికి నీలం. చల్లారనిచ్చి, మళ్ళీ కాస్త బురద పూశాను.

మర్నాడు సెలవు పెట్టి ఊరికి పోయాను. వదిన కొట్టం ఊడుస్తోంది. ప్లేటు చూడగానే చీపురు వదిలేసింది.

"కాలిందా?"

"కాలింది వదినా. సూడు, నీలంగా ఉండాది."

కొంగుతో తుడిచి వెలుతురుకు పట్టి చూసింది. ఆమె ముఖం తేటపడింది. "పాపం, ఎవురి బిడ్డో. కలిపినోళ్ళ నీళ్ళలోనే మళ్ళా కలిపెయ్యప్పా" అంటూ దాన్ని రెండు చేతులతో నాకు తిరిగిచ్చింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "సావు సామాను తాకినావు, తలకు పోసుకోని పో" అని తనే వేన్నీళ్ళు తోడిపెట్టింది.

అన్నకు నిప్పు పెట్టి వచ్చిన తమ్ముడు ఎట్లా పోసుకోవాలో అట్లాగే తలకు పోసుకున్నాను. వదిన బొట్టు పెట్టుకున్న ముఖంతో పక్కన నిలబడి చెంబు అందించింది.