అక్క గొంతు ఉన్న డిస్కు

మా అక్క పోయి ఏడాది తిరగకముందే ఆమె గొంతు కూడా పోయింది. ఆమెను తీసుకుపోయిన జబ్బు మీద నాకు కోపం లేదు. వయసైంది, ఆసుపత్రిలో చూశారు, వాళ్ళు చేయగలిగింది చేశారు. గొంతు పోయిన తీరు మీద మాత్రం నా కోపం ఇంకా చల్లారలేదు.

మాది తమిళ సీమలోని ధర్మపురి. అక్కను దగ్గర్లోనే వెల్లిచందై అనే ఊళ్ళో ఇచ్చాం. కొంత మెట్ట, కొంత బావి కింద సాగు ఉన్న కుటుంబం. ఆ ఇంట్లో కోడళ్ళ వరస అని ఒకటుంది. పాటా కాదు, ఏడుపూ కాదు, రెంటికీ మధ్యన ఉంటుంది. ఆ ఇంటి ఆడమనిషి పోయిన ఏడాదికి, సంవత్సరీకం రోజున, ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళందరినీ మొదటినుంచి తలుచుకుంటారు. పేర్లు పలకరు. ఏ ఊరినుంచి వచ్చిందీ, వచ్చి ఏం చేసిందీ, అంతే. పిక్కిలి నుంచి వచ్చినామె, కరువులో విత్తనపు రాగులు దాచినామె. ఇట్లా పోతుంది. కొత్తగా పోయినామెను చివర చేరుస్తారు. చేర్చవలసింది కూతురు.

వీధిలోకి వస్తే అంతా తమిళమే గాని, ఈ వరస మాత్రం తెలుగులోనే. ఆ ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు లేరు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. నేను ఎనిమిదో తరగతిలో బడి మాని, మోటార్లకు తీగ చుట్టి బతికినవాణ్ణి. తెలుగు రాత, ఇంగ్లీషు, కంప్యూటరు అన్నీ ఎవరూ నేర్పకుండా, నన్ను నేను తిట్టుకుంటూ నేర్చుకున్నవే. వరసను రాసి పెడతానని అక్కను అడిగాను.

"రాస్తే రాగం యాడ పెడతావురా?" అంది.

సరేనని ఫోనులో పట్టాను. వంటింటి గడపమీద కూర్చుని మొత్తం చెప్పింది. ఆ వరస చివరిదాకా తెలిసింది అప్పటికి ఆమె ఒక్కతెకే. అయిపోయాక, ఎవరూ అడగకుండానే, తన మాట కూడా తానే చేర్చింది.

"నాది నేనే చెప్పిపోతాను. మీకు విడిస్తే, అన్నం బాగా వండింది అని చెప్పి ముగించేస్తారు." అని నవ్వింది.

నేను ఫోనులో గొంతు పడుతోందా లేదా అని ఎర్రచుక్క కేసి చూస్తున్నాను. ఫోను వింటోంది కదా అనుకున్నాను.

అక్క కూతురు ధర్మపురి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఆ రికార్డింగులో కోళ్ళు, కుక్కర్లు, పక్క పొలం మోటారు, అన్నీ పడ్డాయి. చప్పుడు తీసి గొంతును మాత్రం మిగిల్చే ప్రోగ్రాము నా పాత కంప్యూటర్లో నడవలేదు. కాలేజీలో చెప్పి, నాకోసం ఒక వర్చువల్ మెషీన్ తీయించింది. అదేమిటని అడిగితే బస్టాండులో టీ తాగుతూ చెప్పింది.

"చల్లని గదిలో ఒక పెద్ద మెషీన్ ఉండాది మామా. దాని లోపల చిన్న మెషీన్లు పుట్టిస్తాము. ముట్టుకునేదానికి ఏమీ ఉండదు, పని మాత్రం చేస్తాయి."

"దయ్యాల మాదిరి."

"దయ్యాలకు డిస్కు వద్దు. వీటికి కావాల."

ఒక్కో మెషీన్ ఎట్లా పుట్టాలో ఫైళ్ళలో రాసి ఉంటుందట. మొదట ఈ మెషీన్లను పుట్టించే ప్రోగ్రాము చేసినవాళ్ళు రాసింది, తర్వాత కాలేజీ మొత్తానికి రాసింది, దాని తర్వాత ఒక్కో విభాగానిది, చివర ఆ మెషీన్‌కే ప్రత్యేకంగా రాసింది. ఒకే సంగతి గురించి రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే, చివర చదివినదే నిలుస్తుంది. కాలేజీ ఫైల్లో, కొత్తగా పుట్టించేటప్పుడు పాత డిస్కు తుడిచేయమని ఉంది. నా మెషీన్ ఫైల్లో, ఫోనునుంచి నేరుగా రికార్డింగు ఎక్కించిన ఆ డిస్కు ఉంచమని మేనకోడలు రాసింది.

"పెద్దల మాట మీద నీ మాట నెగ్గుతుందా? ఇదేం న్యాయం?" అన్నాను.

"కాలేజీ మొత్తానికి రాసినోళ్ళకు నీ మెషీన్ సంగతి ఏం తెలుసు మామా? దగ్గరుండేవాళ్ళకే కదా తెలిసేది."

ఆలోచిస్తే బాగానే ఉందనిపించింది. మావాళ్ళందరూ కొత్త కోడల్ని తూర్పు వాకిలినుంచి లోపలికి తెస్తారు. అక్క అత్తగారింట్లో మాత్రం దొడ్డివైపునుంచి తెస్తారు. కులమంతటి ఆచారం ఒకటి, ఆ ఇంటిది ఒకటి. ఆ ఇంట్లో ఆ ఇంటిదే నెగ్గుతుంది, ఎవరూ కాదనరు. ఈ మెషీన్లు చేసినవాడికి కాస్త లోకజ్ఞానం ఉందని ఒప్పుకున్నాను.

కొన్నాళ్ళకు నా ఫోను తెర చచ్చిపోయింది. దుకాణంలో ఇచ్చి వేరేది తెచ్చుకున్నాను. అక్క గొంతు కాలేజీ డిస్కులో భద్రంగా ఉంది కదా.

తర్వాత అక్క పోయింది. మేనకోడలు ఆ రికార్డింగు ఒక్కసారి కూడా వినలేదు. వినమంటే, "సంవత్సరీకం దగ్గరపడనీ మామా. అప్పుడు విని నేర్చుకుంటాను. ఇప్పుడు నావల్ల కాదు." అనేది. నేనూ బలవంతపెట్టలేదు. అక్క పోయాక చప్పుడు తీసే పని నేనూ సగంలోనే ఆపేశాను, చివరిదాకా వినలేదు.

సెలవుల్లో ఒకరోజు మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడింది. కూర్చోలేదు.

"మామా, డిస్కు పోయింది."

ఎట్లా పోయిందన్నాను.

కొత్త తరగతుల కోసం పాత మెషీన్లన్నీ తీసేసి మళ్ళీ పుట్టించారట. నిలవ చోటు చాలక, ఆమె పైఅధికారి మెషీన్లను పుట్టించే ఆజ్ఞ ఇచ్చేటప్పుడే, పాత డిస్కులన్నీ తుడవమని పక్కన టైపు చేశాడట. ఆజ్ఞతో పాటు అప్పటికప్పుడు టైపు చేసింది, ఫైళ్ళలో ఏం రాసి ఉన్నా దానికి పైదవుతుందట. ఇది టీ తాగిన రోజున నాకు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వస్తుందని ఆమె అనుకోలేదు.

"మరి నువ్వు రాసినది?"

"అట్లే ఉండాది. ఇప్పుడు తీసి చూసినా, డిస్కు ఉంచమనే ఉండాది."

తుడిచిన చోట అప్పటికే కొత్త మెషీన్లు వచ్చి కూర్చున్నాయి. ప్రయోగానికి తీసిన మెషీన్లకు వేరే నకళ్ళు పెట్టరట. రెండు రోజులు వెతికి, ఇంకేమీ లేదని తెలిసిన తర్వాతే నా దగ్గరికి వచ్చింది. నేను అరుస్తాననుకుంది. ఆమె మొహం చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

అరవడానికి మర్నాడు కాలేజీకి పోయాను. ఆ పైఅధికారి నడివయసు తమిళుడు. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. మాకు కోపం వచ్చినప్పుడు ఎదుటివాడు మర్యాదగా ఉంటే, కోపం ఎక్కడ దించుకోవాలో తెలియదు. తమిళంలోనే మాట్లాడుకున్నాం.

"తెలిసి చేయలేదయ్యా. అన్ని మెషీన్ల ఫైళ్ళూ తెరిచి చూడలేను కదా. అవసరం వచ్చినప్పుడు ఒక్క మాటతో అన్నిటినీ దాటిపోవడానికే ఆ పద్ధతి పెట్టింది."

"దాటిపోయేటప్పుడు, ఇక్కడ వద్దని రాసి ఉంది, ఏం చేయమంటారు అని ఒక్క ముక్క అడగొద్దా?"

"అడగదయ్యా. దాని లెక్కలో అది తగాదా కాదు. ఏది పైదో ముందే తేల్చి పెట్టాం."

ఇంకో కాపీ పెట్టుకోలేదా అన్నాడు. అందరూ అడిగేదే. చచ్చిన ఫోను సంగతి అతనికీ చెప్పాను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని తల్లి కూడా ఈమధ్యే పోయిందట. ఇంక నేనేం అరుస్తాను.

బస్సులో వస్తూ తలుచుకుంటే మళ్ళీ మండింది. మా ఇళ్ళలో రెండు మాటలు ఢీకొంటే ఇల్లు ఎగిరిపోతుంది. పెళ్ళిపందిట్లో వియ్యంకులు గొంతులు చించుకుంటారు, వంటలు చల్లారిపోతాయి. అసహ్యంగానే ఉంటుంది. కాని ఆ గోలలో ఇక్కడ ఇంకో మాట కూడా ఉందని పదిమందికీ తెలుస్తుంది. ఈ పద్ధతిలో ఓడిన మాట చప్పుడు చేయదు. పని జరిగిపోయింది, తప్పేమీ లేదన్నట్టు తెరమీద అన్నీ ఆకుపచ్చగా వచ్చాయట. ఇప్పుడు ఎవరేం టైపు చేసినా కొన్ని డిస్కులు తుడవనివ్వకుండా కొత్తగా తాళం పెట్టారని మేనకోడలు చెప్పింది. మంచిదే. ఎవరికో పనికొస్తుంది.

సంవత్సరీకం వచ్చింది. వెల్లిచందైలో పూజ అయ్యాక ఆడవాళ్ళు నడవలో కూర్చున్నారు. వరసలో ముక్కలు ముక్కలుగానైనా తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు: మేనకోడలి మేనత్త ఒకామె, చిన్నమ్మ ఒకామె. మేనత్త, అంటే అక్క ఆడబిడ్డ, ఆ ఇంట్లో పుట్టి బయటికి పోయింది. చిన్నమ్మ, అంటే అక్క తోడికోడలు, బయటినుంచి వచ్చింది. పిక్కిలి ఆమె ముందా, కన్నడపు ఊరినుంచి వచ్చినామె ముందా అన్నచోటే ఇద్దరికీ తగాదా పడింది.

"నేను ఈ ఇంట్లో పుట్టినదాన్ని. నాకు తెలీదా?" అంది మేనత్త.

"పుట్టి, పెండ్లయి పోతివి. ఈడ పడి ఉండేది నేను."

"పడి ఉంటే సరా? వినాల."

మేనకోడలు ఇద్దరినీ ఆపింది. "ఇద్దరిదీ చెప్తాను, విడు అత్తా." అంది. వాళ్ళు అందిస్తుంటే అట్లాగే చెప్పింది. పిక్కిలి ఆమె ఆ రోజు ఆ ఇంటికి రెండుసార్లు కోడలుగా వచ్చింది. ఎవరూ కాదనలేదు. మధ్యలో ఒకామె ఊరు ఇద్దరికీ తెలియలేదు. ఏం చేసిందో మాత్రం తెలుసు. ఊరు లేకుండానే ఆమెను దాటారు.

అక్క దగ్గరికి వచ్చారు.

"ఎవరొచ్చినా అన్నం పెట్టి పంపిందని చెప్పు." అంది మేనత్త.

"అది వద్దు." అన్నాను. నా గొంతు నేననుకున్నదానికన్నా పైకి లేచింది. "తాను చదవకపోయినా కూతుర్ని చదివించిందని చెప్పు."

"మీ నాయన పోయిన ఏడు సేద్యం నిలబెట్టింది. అది చెప్పొద్దా?" అంది చిన్నమ్మ.

మేనకోడలు నావైపు తిరిగింది. "మామా, అమ్మ ఏం చెప్పుకొనింది? నువ్వుంటివి కదా."

నా జ్ఞాపకం మంచిదని ఊళ్ళో పేరు. అక్క ఆ రోజు కట్టిన ఆకుపచ్చ చీర చెప్పగలను. గడపమీద ఏ కాలు మడిచి కూర్చుందో చెప్పగలను. ఆ మాట అయ్యాక నవ్వింది, నవ్వుకు దగ్గొచ్చింది, నీళ్ళు తాగింది. ఆ మాటేమిటో మాత్రం తట్టలేదు. అందరూ నా నోరు చూస్తున్నారు.

"గుర్తు లేదమ్మా." అన్నాను.

ఆమె తలూపి, పైట సర్దుకుని వరస ఎత్తుకుంది. ధర్మపురి నుంచి వచ్చినామె, అంది. ఆ తర్వాత పెదాలు మూసుకుని రాగం మాత్రం సాగించింది. ముక్కుతో, చివరిదాకా.

"ఏదో ఒకటి చెప్పమ్మా. ఖాళీగా విడువకూడదు." అంది మేనత్త.

"అమ్మ తనది తానే చెప్పిపోయింది అత్తా. దాని మీద ఇంకొకరి మాట పెట్టను."

నేను లేచి వాకిట్లోకి వచ్చేశాను. లోపల చిన్నమ్మ కోడలు నేర్చుకుంటానని కూర్చుంది. మేనకోడలు మళ్ళీ మొదటినుంచి చెప్పిస్తోంది. ఆ అమ్మాయి తప్పులు పోతూ, దిద్దించుకుంటూ, ధర్మపురి నుంచి వచ్చినామె దాకా వచ్చింది. అక్కడ తాను కూడా పెదాలు మూసుకుని రాగం తీసింది.