‘ఎస్ మేడమ్’ అన్న పిల్ల

కరోనా సెలవులు ముగిసి బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది నేను గరిడేపల్లి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గెజిటెడ్ హెడ్‌మాస్టర్‌గా పనిచేస్తున్నాను. అది చాలదన్నట్టు కోదాడ వైపు ఒక మండలానికి ఎం.ఇ.ఓ.గా అదనపు బాధ్యత కూడా నా నెత్తిన పెట్టారు. ఎం.ఇ.ఓ. అంటే మండల విద్యాధికారి. మండలంలోని బడులన్నింటికీ పెద్ద దిక్కని పేరే గాని జీపు లేదు, అటెండర్ లేడు. నాకున్న బలగమల్లా సైదులు ఒక్కడే. అతను క్లస్టర్ రిసోర్స్ పర్సన్, అంటే చుట్టుపక్కల బడుల సమాచారం తెచ్చి ఆఫీసులో అప్పగించే కాంట్రాక్టు ఉద్యోగి. అతని మోటార్ సైకిల్ వెనక కూర్చుని నేను మండలమంతా తనిఖీ చేసేదాన్ని.

ఆ మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే, ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూలు గుర్తింపు రెన్యువల్ ఫైలు సూర్యాపేటలోని జిల్లా విద్యాధికారి, అంటే డి.ఇ.ఓ. ఆఫీసు నుంచి నా బల్ల మీదికి వచ్చింది. ప్రైవేటు బడికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు శాశ్వతం కాదు. గడువు తీరేలోపు అధికారి వెళ్లి భవనం, ఆటస్థలం, ఫైర్ సర్టిఫికెట్, టీచర్ల అర్హతలు చూసి రిపోర్టు రాయాలి. అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అన్న చట్టం వచ్చాక, తెలుగు నిజంగా చెబుతున్నారా లేదా అన్నది కూడా ఆ రిపోర్టులో చేరింది. ఆ బడి పేరు ఇక్కడ రాయను. బడి వెనక సాగర్ కాలువ నుంచి చీలిన మేజర్ కాలువ ఒకటి పారుతుంటుంది. చుట్టూ మిర్చి చేలు. చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి పిల్లలు వ్యాన్లలో వస్తారు. ఇంతవరకు తెలిస్తే చాలు.

గేటు మీది ఫ్లెక్సీలో ‘ఆరవ తరగతి నుంచి ఫ్రెంచ్ తప్పనిసరి’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎవరు చెబుతారని కరస్పాండెంట్‌ని అడిగాను. కరస్పాండెంట్ అంటే బడి యజమాని, ఫీజు వసూలు నుంచి ప్రార్థన దాకా అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. సోషల్ టీచరే యూట్యూబ్ చూసి చెబుతున్నారని ఆయన వినయంగా చెప్పారు. నేను నవ్వు ఆపుకుని రాసుకున్నాను.

నన్ను అపార్థం చేసుకోకండి. నేను ఇంగ్లీషు టీచర్‌గానే ఉద్యోగంలో చేరాను. మిర్యాలగూడలో ఏళ్ల తరబడి ఆ సబ్జెక్టే చెప్పాను. ఆ భాష నాకు అన్నం పెట్టింది, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ బడి వరండాలో నడుస్తుంటే నాకెందుకో బాగా అనిపించలేదు. గదుల నిండా పిల్లలున్నారు, గుసగుస కూడా లేదు. ‘డిసిప్లిన్, మేడమ్’ అన్నారు కరస్పాండెంట్. పిల్లలు పనిలో పడి మాట్లాడకపోవడం వేరు, బిక్కచచ్చి మాట్లాడకపోవడం వేరు. చాక్‌పీసు పట్టుకుని బతికిన వాళ్లకు ఆ తేడా గది దాటుతుండగానే తెలిసిపోతుంది.

మూడో తరగతిలో కారణం కనబడింది. ముందు బెంచీలో ఒక పిల్ల మెడలో తాడుతో అట్టముక్క వేలాడుతోంది. ‘నేను తెలుగు మాట్లాడాను’ అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఇలాంటి బోర్డుల సంగతి అప్పటికే విన్నాను, అక్కడి పద్ధతి మాత్రం కొత్తది. బోర్డు ఎవరి మెడలో ఉంటే వాళ్లు చెవులు రిక్కించుకుని తిరగాలి. ఇంకో పిల్ల నోటి నుంచి తెలుగు మాట పడితే సాక్షితో సహా పట్టుకుని బోర్డు ఆ మెడలోకి మార్చాలి. చివరి గంటకు ఎవరి మెడలో ఉంటే వాళ్లకు శిక్ష. మర్నాడు పొద్దున గేటు దగ్గర మళ్లీ వాళ్ల మెడలోంచే మొదలు. పిల్లలే పిల్లలకు పోలీసులు. పైగా వీళ్లు ఒకటో తరగతిలో ఉండగా బడులు మూతపడి, మూడో తరగతికి తేలిన పిల్లలు. వాళ్లకు వచ్చిన ఇంగ్లీషల్లా లోపలికి రానా, నీళ్లు తాగనా, బయటికి పోనా అని అడిగే మూడు వాక్యాలు.

ఆ పిల్ల పేరు అఖిల. మేం గదిలో ఉండగానే లేచి నిలబడి, ‘మే ఐ గో అవుట్ మిస్’ అంది. క్లాస్ టీచర్ కళ్లతోనే కూర్చోమంది. అధికారి వచ్చినప్పుడు పిల్లలు కదలకూడదన్నది అన్ని బడుల్లోనూ ఉన్న రూలే. అంతకుముందు కూడా ఆ పిల్ల అలాగే అడిగి కూర్చుందని తర్వాత తెలిసింది. మేం మరుగుదొడ్లు చూడటానికి వెళ్లిపోయాం.

కాసేపటికి గేటు దగ్గర గోల వినబడింది. మిర్చి ఏరుతూ ఏరుతూ వచ్చేసినట్టుంది, కొంగుకు, చేతులకు ఎర్రటి దుమ్ముతో ఒకామె వాచ్‌మన్‌ని తోసుకుని లోపలికి వచ్చింది. పేరు బుజ్జి, పక్క తండా. ఆమె కొడుకు విక్కీ యు.కె.జి. చదువుతున్నాడు. హాజరు కాని పిల్లల ఇళ్లకు ఆ బడి ఫోన్ మెసేజ్ పంపుతుంది, అదీ ఇంగ్లీషులోనే. చేలో పనికొచ్చిన వాళ్లలో చదువుకున్న పిల్ల ఎవరో చూసి, విక్కీ ఇయ్యాల బడికి పోలేదంట అని చెప్పిందట.

“నేనే ఎక్కించిన మేడమ్,” అంది బుజ్జి నా చేతులు పట్టుకుని. “నా చేతులతోని వ్యాన్ల కూసోబెట్టిన. బడికి రాకపోతే యాడికి పోయిండు?”

యు.కె.జి. గదిలో పిల్లాడు లేడు. మరుగుదొడ్లలో లేడు, మేడ మీద లేడు. వ్యాను బడిది కాదు, కిరాయిది. పిల్లల్ని దించేసి డ్రైవరు వెళ్లిపోయాడు, ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఒక్కొక్క గదీ చూసుకుంటూ బడి వెనక వైపుకు వచ్చాం. వెనక గోడకు చిన్న గేటు, తలుపు తీసే ఉంది. దాని అవతల నాలుగడుగుల్లో కాలువ. ఆ వారం నీళ్లు వదిలారు, గట్టు నిండుగా పారుతోంది. అందరం దాన్ని చూశాం.

అదే వ్యాన్లో అఖిల కూడా వస్తుందని బుజ్జి చెప్పింది. అఖిలను వరండాలోకి పిలిచారు. కరస్పాండెంట్, క్లాస్ టీచర్ చెరో పక్కన నిలబడి అడగడం మొదలుపెట్టారు. అది కూడా ఇంగ్లీషులోనే. పిల్లాడు కనిపించక తల్లి నేలమీద కూలబడి ఉంటే, వీళ్లు ఇంగ్లీషులో అడుగుతున్నారు! నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, వాళ్ల భయం నేనే. తనిఖీకి వచ్చిన అధికారి ఎదురుగా పిల్లతో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు మీడియం బడి కాదని రాసేస్తానేమోనని. టీచరుకు కరస్పాండెంట్ భయం, కరస్పాండెంట్‌కు నా భయం, ఆ పిల్లకు మా అందరి భయం.

విక్కీ వ్యాన్లో వచ్చాడా అని అడిగారు. ‘ఎస్ మేడమ్’ అంది. దిగాడా అని అడిగారు. టీచర్ మొహం వంక చూసి మళ్లీ ‘ఎస్ మేడమ్’ అంది.

దిగాడంటే ఇక మిగిలింది కాలువే. కరస్పాండెంట్ మగ టీచర్లను, వాచ్‌మన్‌ను తీసుకుని గట్టు మీదికి పరిగెత్తారు. సైదులు ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగుతున్నాడు. బుజ్జి ఏడుపు కూడా మానేసి అటే చూస్తోంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

నేను కూడా అటే పోవాల్సినదాన్ని. కానీ అఖిల రెండు చేతులతో ఆ అట్టముక్కను పట్టుకుని టీచర్ మొహం వంకే చూస్తోంది. పిల్లలకు ప్రశ్న అర్థం కానప్పుడు, పెద్దల మొహంలో ఏ జవాబు ఉందో వెతికి అదే చెబుతారు. నా క్లాసుల్లో వందసార్లు చూశాను. టీచర్‌ను లోపలికి వెళ్లమన్నాను. పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“బిడ్డా, నేను నిన్ను ఏమనను. విక్కీ యాడున్నడు? తెలుగులనే చెప్పు.”

పిల్ల తలుపు వైపు చూసింది. బోర్డు వైపు చూసింది.

“బండ్లనే పండుకున్నడు మేడమ్. లేపిన, లేస్తలేడు. మిస్సుకు జెప్దమని లేసిన. ఇంగ్లీషుల ఎట్ల జెప్పాల్నో రాలే.”

నేను వేసిన కేకకు సైదులు తడిబట్టలతోనే గట్టెక్కాడు. డ్రైవరు ఇల్లు బుజ్జికి తెలుసు, కోదాడ బైపాస్ దాటాక ఒక గల్లీలో. పొద్దుటి ట్రిప్పు కాగానే అతను వ్యాను ఇంటి ముందు పెట్టి రైస్‌మిల్లులో హమాలీ పనికి పోతాడట. అందుకే ఫోన్ ఎత్తలేదు. కరస్పాండెంట్ కారులో బయలుదేరాం. దారంతా బుజ్జి వాళ్ల లంబాడీ మాటల్లో ఏదో గొణుగుతూనే ఉంది. నాకు ఆ భాష రాదు, కానీ దేవుణ్ణి అడుగుతోందని తెలుస్తూనే ఉంది. బంద్ చేసిన బండిలో, మార్చి ఎండలో, ఐదేళ్ల పిల్లాడు. ఆలోచన అక్కడిదాకా వెళ్లి ఆగిపోతోంది.

వ్యాను ఎండలోనే ఉంది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి, తలుపులకు తాళం. సైదులు రాయి తీసుకుని అద్దం పగలగొట్టాడు. లోపలి వేడి మా మొహాలకు కొట్టింది. పిల్లాడు చివరి సీటు కింద, ఇనుప నేల మీద పడి ఉన్నాడు. బయటికి తీస్తే ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట కూడా లేదు. పెదవులు ఎండిపోయాయి. పోయాడనే అనుకున్నాను. ఉద్యోగంలో ఎన్నో చూశాను గాని అంత భయం నేను ఎన్నడూ పడలేదు. నీళ్లు చల్లితే కనురెప్ప ఒకసారి కదిలింది.

ఏరియా దవాఖానలో సెలైన్ పెట్టారు. ఒళ్లంతా తడిగుడ్డలు కప్పారు. ఎండ ముదరకముందే తెచ్చారమ్మా, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం అన్నారు డాక్టర్. మధ్యాహ్నం కాకముందే పిల్లాడు కళ్లు తెరిచి అమ్మను పిలిచాడు. బుజ్జి అప్పుడు ఏడ్చింది.

ఆ బడి సంగతి గట్టిగా రాస్తానని ఆమెతో అన్నాను. ఆమె ఉలిక్కిపడింది. కొడుకు దొరకనప్పటి భయమే మళ్లీ ఆమె మొహంలో కనిపించింది.

“బడి మూపియ్యకుండ్రి మేడమ్. ఆ బోర్డులు గీర్డులు తీపియ్యిండ్రి. ఇంగ్లీషు మాత్రం రావాలె వానికి. మిర్చి ఏరుడు నాతోనే ఖతం గావాలె.”

బోర్డులు తీయిస్తానని మాటిచ్చి లేచాను.

ఒంటిపూట బడి వదిలే వేళకు తిరిగి వెళ్లాం. వ్యాను లేదు కాబట్టి తండా పిల్లల్ని గేటు దగ్గర నిలబెట్టారు. అఖిల వరుస చివర నిలబడి ఉంది. పొద్దున కారెక్కబోతూ నేను ఆమె మెడలోని బోర్డు తీసి వరండా కుర్చీలో పడేసి వెళ్లాను. అది మళ్లీ ఆమె మెడలోనే ఉంది. ఎవరు వేశారని కరస్పాండెంట్ మీద అరిచాను. ఎవరూ వేయలేదని ఆయన, టీచర్ ఒకేసారి చెప్పారు. నిజమే చెప్పారు.

“నేనే ఏసుకున్న మేడమ్,” అంది అఖిల. “తెలుగుల మాట్లాడిన గద.” తర్వాత అటూ ఇటూ చూసి, నాకు మాత్రమే వినబడేట్టు అడిగింది. “విక్కీ లేసిండా?”

లేచాడని చెప్పాను.

రిపోర్టులో మూడు షరతులు రాశాను. వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే మనిషి ఉండాలి. పిల్లాడు హాజరు కాకపోతే మెసేజ్‌తో సరిపెట్టక ఇంటికి ఫోన్ చేసి తెలుగులో చెప్పాలి. బోర్డు తీసేయాలి. ఇంగ్లీషు వద్దని ఎక్కడా రాయలేదు, బుజ్జి మాట గుర్తుంది. డి.ఇ.ఓ. ఆఫీసు షరతులతో గుర్తింపు ఇచ్చింది. డ్రైవరు మీద కేసు అయింది. మరుసటి తనిఖీకి వెళ్తే బోర్డులు లేవు, వరండాలో కాస్త గోల ఉంది.

పరాయి భాషను బడి తప్పనిసరి చేయవచ్చు, పిల్లలు నేర్చుకుంటారు. కానీ భయపెట్టి నేర్పిన భాషలో పిల్లలు మనకు కావలసిన జవాబు ఇస్తారు, జరిగింది చెప్పరు. అక్కడ ఉన్న పెద్దలందరిలోకీ నేనే పై అధికారిని, ఆ భయానికి చివరి కొస నా దగ్గరే ఉంది. అది తెలిశాక నా తనిఖీ పద్ధతి మారింది. రిటైరయ్యేదాకా ఏ బడికి వెళ్లినా, ఫైళ్లు తెరవకముందే చిన్న తరగతిలోకి వెళ్లి, పొద్దున ఏం తిని వచ్చారని ఊరి మాటల్లో అడిగేదాన్ని. పిల్లలు జవాబు చెప్పే ముందు టీచర్ మొహం వంక చూస్తే, ఆ బడిలో సాయంత్రం దాకా కూర్చునేదాన్ని.