పూత దులిపిన పుప్పొడి

సాంబయ్యకు లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. పాలు పోసేవాడు నీళ్ళు కలిపాడని అనుమానం, కొట్టువాడు తూకంలో మోసం చేశాడని అనుమానం. ఎవరన్నా పలకరించి నవ్వితే, పది అడుగులు పోయాక వెనక్కి తిరిగి చూసే రకం. నూజివీడుకు మూడు మైళ్ళ దూరంలో బసవపున్నారావుగారి మామిడితోటకు కాపలాదారు. తేనెపట్టు దించడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. దించిన తేనె అయ్యగారింటికి పోతుంది. పట్టు గదుల్లో ఈగలు కూరి పెట్టుకునే పుప్పొడి ముద్దలు మాత్రం సాంబయ్యవి. పులుపూ చేదూ కలిసిన ఆ ముద్దల్ని ఇంకెవరూ ముట్టరు. అవి తినే యాభై ఏళ్ళొచ్చినా చెట్లెక్కుతున్నానని అతని నమ్మకం. అతనికున్న నమ్మకం అదొక్కటే.

పందొమ్మిదివందల అరవై మూడో సంవత్సరం మాఘమాసంలో పూతకు బూడిద తెగులొచ్చింది. ఏ తోటలో చూసినా మందుపొడి చల్లుతున్నారు. చల్లి చల్లి సాంబయ్య కనురెప్పలు కూడా పచ్చబడ్డాయి. సరిగ్గా అప్పుడే బెజవాడ నుంచి రామచంద్రరావనే ఆయన దిగాడు. బలం మందులు డబ్బాల్లో పెట్టి ఊరూరా అమ్ముతాడు.

"ఏమోయ్, తేనెటీగలు తినే పుప్పొడి మహా బలమటగా! ఎక్కడ దొరుకుతుంది?"

సాంబయ్యకు అనుమానమొచ్చింది. ఉన్నమాట చెప్తే రేపు పదిమంది నిచ్చెనలేసుకొస్తారు. పట్లు పిండేసి నోటికాడ ముద్ద లాక్కుంటారు.

"ఎక్కడేంటండీ? పూతలోనే. కింద దుప్పటి పరిచి కొమ్మ దులిపితే రాలుద్ది. పచ్చగా, మెత్తగా."

"అంతేనా?"

"అంతేనండీ. ఈగ చేసేదీ అదే. పాపం, దానికి దుప్పటి లేదు."

వారం తిరక్కుండా బాపులపాడు వైపు తోటల్లో ఆయన కూలివాళ్ళచేత పూత దులిపిస్తున్నాడని తెలిసింది. సాంబయ్య మూడు రోజులు కడుపుబ్బ నవ్వాడు.

చైత్రంలో అతని భార్య కనకమ్మకు టైఫాయిడ్ వచ్చింది. ఇరవయ్యొక్క రోజులకు జ్వరం దిగింది గానీ మంచం దిగే ఓపిక రాలేదు. పుప్పొడి ముద్ద పెడదామంటే ఆ ఏడు పట్లు ఇంకా పండలేదు. విషయం విని అయ్యగారి భార్య సీతారావమ్మ ఒక డబ్బా పంపింది. బెజవాడ పుప్పొడట. చెంచాడు పాలల్లో కలిపి రెండు పూటలా తాగాలట.

మూడో రోజుకల్లా కనకమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. మంచంలో లేచి కూర్చునే మనిషి అదీ మానేసింది. సాంబయ్య ముందు పాలవాణ్ణి అనుమానించాడు. తర్వాత సీతారావమ్మని. "ఊరికే ఇచ్చిందంటే ఏదో మతలబుంది" అనుకున్నాడు. ఆఖరికి డబ్బా మూత తీశాడు.

పొడంతా ఒకటే పసుపు. పట్టులో అలా ఉండదు. చింతపూతది ఒక రంగు, తాటిపూతది ఒక రంగు, జనుముది ఇంకొకటి. ఈగలను తోలే పొగకుండలో నిప్పు రాజేసి చిటికెడు పొడి వేశాడు. నీలిమంట లేచింది. ముక్కు పగిలిపోయే వాసన.

"దీపావళి మందు వాసనేంటయ్యా?" మంచంమీంచి అడిగింది కనకమ్మ.

"గంధకమే. మేం పూతకి చల్లిన మందు." కుండ దింపాడు. "పూత దులపమని వాడికి చెప్పింది నేనే."

ఆమె డబ్బా వైపు చెయ్యి చూపింది. "అమ్మగారి కూతురు రాజ్యలక్ష్మమ్మ కూడా ఇదే తాగుతోంది. బాలింత."

"వెళ్ళి ఆ బెజవాడోడు దొంగని చెప్తా."

"చెప్పు. నువ్వెవరో కూడా చెప్పు."

దారి పొడుగునా సాంబయ్య అబద్ధాన్ని నూరుకుంటూనే వెళ్ళాడు. అయ్యగారింటి వసారాలో రాజ్యలక్ష్మి చేతిలో పాలగ్లాసు కనిపించింది.

"తాగొద్దమ్మా! అందులో గంధకముంది!"

సీతారావమ్మ లోపలినుంచి వచ్చింది. "నీకెట్లా తెలుసురా?"

నూరుకున్న అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "కొమ్మ దులపమని నేనే చెప్పానండీ ఆయనకి. పట్టు సంగతి చెప్తే నా ముద్ద పోద్దని. దులిపితే మందు కూడా రాలుద్దని తోచలేదండీ."

ఆవిడ గ్లాసు తీసుకుని పెరట్లో పారబోసింది. "కాపలా ఉంచాలో తీసెయ్యాలో అయ్యగారొచ్చాక చెప్తారు. బెజవాడకి ఇప్పుడే కార్డు రాయిస్తాను. నువ్వు అసలుది ఎట్లా ఉంటదో తెచ్చి చూపించు. మాకు చూపించకుండా తింటున్నావుగా ఇన్నేళ్ళూ!"

నాలుగో రోజు సాంబయ్య తోట చివరి చింతచెట్టెక్కి అప్పుడే పండిన పట్టు దించాడు. సగం ముద్దలు అమ్మగారి ముందు పెట్టి, సగం ఇంటికి తెచ్చాడు. కనకమ్మకు కడుపు కుదుటపడి కాస్త లేచి కూర్చుంది. ఎర్రటి ముద్ద ఒకటి చేతిలో పెట్టాడు. ఆమె వాసన చూసింది. ఎండకు పట్టి చూసింది. తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"ముందు నువ్వు తిను."

"నామీదే అనుమానమా?"

"తిను."

సాంబయ్య నమిలాడు. గొంతు దిగేదాకా కనకమ్మ రెప్ప వాల్చలేదు.

"ఇంకోటి" అంది.