స్పిరిట్ తడి ఆరేదాకా

ఆసుపత్రిలో రక్తం తీసే ఆమెను అందరూ సూదమ్మ అంటారు. ముంజేతికి స్పిరిట్ రాసి, మాస్కు కిందికి లాగి, పసిపిల్ల పుండు మీద ఊదినట్టు ఉఫ్‌మని ఊదుతుంది. తడి ఆరితే సూది మంట తెలియదని ఆమె నమ్మకం. తీసిన నెత్తురులో తెల్లకణాల మీద ఫలానా గుర్తులు పెరిగాయని పరీక్ష మిషన్ చూపిస్తే వైరస్ అనుమానమే. ఆ మనిషిని వేరే గదికి పంపేస్తుంది. "ఉత్త దగ్గేనమ్మా" అని ఎవరైనా నసిగితే, "నోరు బొంకుతుంది గానీ నెత్తురు బొంకదు, నడవండి!" అని కసురుతుంది. పోయిన సోమవారం గొంతు గరగరలాడితే తన నెత్తురే మిషన్లో పెట్టి చూసుకుంది. గుర్తులు పెరిగే ఉన్నాయి. బయట నలభై మంది వరసలో ఉన్నారు. మిషన్ ఇచ్చిన చీటీ నలిపి కోటు జేబులో కుక్కేసి, తర్వాతి మనిషిని పిలిచింది. కంటి ఆపరేషన్‌కు ముందు పరీక్ష కోసం వచ్చిన ముసలాయన. ఆయన నెత్తురులో ఏ అనుమానమూ లేదు.

శుక్రవారం ఆయనే దగ్గుతూ మళ్లీ వచ్చాడు. "ఇక్కడికి తప్ప ఇల్లు కదల్లేదు తల్లీ. ఎక్కడ అంటించుకున్నానో ఏమో, నాకే సిగ్గుగా ఉంది" అంటూ చెయ్యి చాపాడు. ఆమె స్పిరిట్ రాసింది.

"మొన్నటిలా కాస్త ఊదమ్మా."

సూదమ్మ చెయ్యి మాస్కు దాకా వెళ్లి, దాన్ని ఇంకా పైకి, కళ్ల దాకా లాక్కుంది.