వహీలో ఖాళీగా మిగిలిన గడి

మా చిన్నప్పుడు... పొద్దటి షిఫ్టు దిగి బాపు గని నుంచి ఇంటికొచ్చేవాడు. చంద్రపూర్ లాల్‌పేట్‌లో మాది రెండు గదుల క్వార్టరు. నల్లా కింద ఎంత రుద్దుకున్నా కళ్ల అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలేది. చాయ్ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుని నన్ను పిలిచేవాడు.

"వహీ తీస్కరా. ఇయ్యాల ఏం మాటలు చెప్పిన్రు?"

వహీ అంటే నోటుబుక్కు. మాది మరాఠీ బడి. ఐదో తరగతిలో ఇంగ్లీషు మొదలైంది. సర్ రోజూ బోర్డు మీద ఐదు జతలు రాసేవారు... ఒక మాట, దాని కింద అదే అర్థం వచ్చే ఇంకో మాట, పక్కన మరాఠీ. మేం ఎక్కించుకునేవాళ్లం.

బాపు ఆ పక్కన ఇంకో గీత గీయించాడు. అది తెలుగుకు. ఒక్కో మాటకు ఒక్కో గడి.

నాకు తెలుగు అక్షరాలు రావు. మా వీధిలో ఏ పిల్లలకూ రావు. మాట్లాడేది తెలుగు, రాసేది మరాఠీ. బాపు చెప్పిన తెలుగును మరాఠీ అక్షరాల్లోనే రాసుకునేవాణ్ని.

ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా రెండు మాటలకు ఒకటే అర్థమంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఫాల్, డ్రాప్... రెండూ పడుడే బాపూ."

"పుస్తకంల ఏది ఎక్కడ రాసిన్రో సదువు."

చదివి, తెలుగులో చెప్పాను.

"ఒకటి కాదు బిడ్డా. గనిల పైకప్పు పడ్తది. తట్ట మన చేతులకెల్లి జార్తది. కప్పు పడితె ఎవల్నీ అనలేం. తట్ట జారితె పని సూసే సర్దార్ తిడ్తడు."

లోపల్నుంచి అమ్మ అనేది. "సదువురానోడు మాస్టరయిండు. ఇగ పిలగాడు పాసయినట్టే."

"నువ్వు రొట్టె మాడ్చకు," అనేవాడు బాపు, వహీలోంచి తల ఎత్తకుండానే.

ఒకరోజు టైర్డ్, వియరీ అనే జత వచ్చింది. మరాఠీలో రెండింటికీ 'థకలేలా' అనే రాయించారు సర్. మొదటిదానికి బాపు వెంటనే చెప్పాడు... అలసిపోయిన. రెండోదాని దగ్గర ఆగిపోయాడు. చాయ్ చల్లారింది.

"ఇది నాకు ఎరుకలేదు."

"రెండూ అలసుడే అని రాస్తనే..."

"వద్దు. రెండు మాటలు పెట్టిన్రంటే రెండు తీర్ల బాధ ఉంటది. ఎరుకైనంక రాయి."

మర్నాడు సర్ వహీ చూశారు. ఆ గడి ఖాళీగా ఎందుకుందని అడిగారు. బాపు అన్నది మరాఠీలో చెప్పాను. దెబ్బ పడుతుందనే అనుకున్నాను. సర్ ఆ పేజీని కాసేపు చూసి, కింద సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఈ పోస్టు ఆ గడి గురించే. నిన్న దాన్ని నింపాను.

చాలా ఏళ్లకు సరోజతో నా పెళ్లయింది. వాళ్లది ఆసిఫాబాద్ వైపు ఊరు. తెలుగు బళ్లో పది చదివింది. ట్రంకుపెట్టెలో ఆ వహీ దొరికితే విప్పి చూసి నవ్వింది.

"ఏందయ్యా గిది... తెలుగుకు మరాఠీ అంగీ తొడిగినవ్?"

మధ్యాహ్నాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి గడిలోనూ తెలుగు అక్షరాలతో మళ్లీ రాసింది. నేను తెలుగు రాయడం అలా నేర్చుకున్నాను, పెళ్లయ్యాక. ఖాళీ గడి దగ్గరకు వచ్చేసరికి కథంతా చెప్పాను. అప్పటికి బాపు రిటైరై ఇంట్లోనే ఉండేవాడు.

"మామా, ఇప్పటికన్న ఎరుకైందా?" అని అడిగింది.

"నాకెట్లయితది బిడ్డా... నువ్వు వండుతున్నవ్, నేను తింటున్న."

గడిని అలాగే వదిలేసింది.

నిరుడు సరోజకు జబ్బు చేసింది. నాగపూర్‌లో మందు ఎక్కించేవారు. ఐదుసార్లు వెళ్లొచ్చాం. ఐదోసారి తిరుగు రైల్లో దారంతా పడుకుంది. చంద్రపూర్ వస్తోందనగా లేపాను.

"మంచిగ పండుకున్నవ్. అలసట తీరిందా?"

"అలసట తీరింది..." అని కిటికీలోంచి చూస్తూ ఉంది. "ఇంకోటి ఉన్నది. అది పండుకున్నా పోతలేదు."

నీళ్ల సీసా మూత తీసి అందించాను.

"వహీల మామ ఖాళీ పెట్టించిండు సూడు... గది ఇదేనేమో."

రైలు ఆగింది. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని అంది. "నన్ను మళ్ల తీస్కపోకు."

ఆరోసారికి టికెట్లు అప్పటికే తీసుకున్నాను. ఇంకోసారి వెళ్తే ఏమైనా గుణం కనిపించవచ్చని డాక్టరు అన్నారు. కనిపించకపోవచ్చని కూడా అన్నారు. రెండు రోజులు ఆమెను బతిమాలాను. మూడో రోజు వహీ తీసి ఆ పేజీ చూశాను... టికెట్లు రద్దు చేశాను.

ఆ తర్వాత నెలన్నర ఉంది. గడప మీద ఎండలో కూర్చునేది. నాతో చాయ్ పెట్టించుకుని, చక్కెర ఎక్కువైందని వంక పెట్టేది.

నేను చేసింది సరైనదో కాదో తెలియదు. కప్పు తానే పడిందా, నా చేతుల్లోంచి తట్ట జారిందా... బాపు ఉంటే అడిగేవాణ్ని.

నిన్న ఆ గడిలో ఆమె మాటే రాశాను. పండుకున్నా పోనిది. ఆమె రాతలన్నింటి మధ్య ఆ ఒక్కటే నా తెలుగు రాత. వంకరగా వచ్చింది.

ఇప్పుడు ఫోనులో ఏ ఇంగ్లీషు మాట కొట్టినా అదే అర్థం వచ్చేవి పది మాటలు వరుసగా వస్తాయి. వాటికి తేడా ఏంటని అడిగే మనిషి గడప మీద లేడు.

మీ ఇంట్లో ఏదైనా మాటకు అమ్మో, నాన్నో తమదైన అర్థం చెప్పి ఉంటే ఇక్కడ రాయండి... తెలుగులోనే రాయండి. నెమ్మదిగానైనా చదువుతాను. సరోజ నేర్పింది.