రోండా ఓవెన్ తలుపు

మా మినెసోటా బడి వంటశాలలో నాతో పనిచేసే రోండా, ఓవెన్ ముందు కుదురుగా నిలబడగా నేనెన్నడూ చూడలేదు. మాటిమాటికీ తలుపు తీసి తొంగిచూస్తుంది. వేడంతా బయటికి పోయి కేకు నడిమధ్య కుంగిపోతుంది. రిటైర్మెంటు డబ్బుతోనూ అదే వరస. షేర్లు పడగానే బెంబేలెత్తి అమ్మేస్తుంది, పెరిగాక ఎక్కువ ధర పెట్టి మళ్లీ కొంటుంది.

నిన్న బంగాళదుంపల చెక్కు తీస్తూ అడిగింది. "టార్గెట్ డేట్ ఫండ్ అంటున్నారే జోలీన్, నాకు సరిపడుతుందంటావా?"

"నువ్వు రిటైరయ్యే ఏడాది పేరున్న ఫండ్ ఎంచుకుంటావు. ఆ ఏడాది దగ్గరపడేకొద్దీ షేర్లు తగ్గించి, నిలకడైన బాండ్లు పెంచడం ఫండ్ నడిపేవాళ్ల పని. నీ పని చేతులు ముడుచుకుని కూర్చోవడం."

"అయితే నష్టం రాదన్నమాట!"

"ఎందుకు రాదు? మార్కెట్ పడితే అదీ పడుతుంది. ఖర్చుల కింద ఎంత కోస్తారో కూడా చూసుకో. మా ఆయనకి పెన్షన్ ఉంది, మాకంత జాగ్రత్త అక్కర్లేదని నేను తీసుకోలేదు. నీకు మాత్రం అదే మందు."

"నాకే ఎందుకటా?"

"నీ చెయ్యి ఊరుకోదు గనక!"

రోండా మూతి ముడుచుకుంది. కానీ సాయంత్రానికల్లా 2040 ఫండ్ ఎంచుకుంది.

ఇవాళ పొద్దున కేకు లోపల పెట్టి, ఓవెన్‌కి అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడింది. ఎంతకీ కదలదు. చివరికి నేనే ఆగలేకపోయాను.

"జరగవే, ఒక్కసారి చూస్తాను."

"2040లో రా," అంది.